రాడీ మెక్‌డొవాల్ తీసిన పోర్ట్రెయిట్లు సరదా కోసమా, వృత్తిగానా?

చిత్రలేఖ, గుంటూరు

‘ప్లానెట్ ఆఫ్ ది ఏప్స్’ చిత్రాల్లో చింపాంజీ వేషం కట్టిన రాడీ మెక్‌డొవాల్‌ను మనలో చాలామంది, ఆయన అసలు ముఖం ఎలా ఉంటుందో తెలియకుండానే అభిమానించి ఉంటాం. ‘కొలంబో’ ధారావాహిక చూసినవారికి 1972 నాటి ఒక భాగంలో హంతకుడి పాత్ర వేసిన నటుడిగా ఆయన గుర్తుండవచ్చు. అయితే ఈ నటుడు ఫోటోగ్రాఫర్ కూడా అని నాకు తెలిసింది సినిమాల ద్వారా కాదు, సంగీతం ద్వారా. బార్బ్రా స్ట్రైసాండ్ 1964లో విడుదల చేసిన ‘ది థర్డ్ ఆల్బమ్’ అట్టమీది ఫోటో ఎవరు తీశారా అని చూస్తే అక్కడ రాడీ మెక్‌డొవాల్ పేరు ఉంది. మొదట అదే పేరుగల మరొకరేమో అనుకున్నాను; విచారిస్తే ఆయనేనని తేలింది.

నా సందేహం ఇది. చేతిలో ఖరీదైన కెమెరా, చుట్టూ ప్రసిద్ధులైన స్నేహితులు ఉన్న నటుడు ఎవరైనా నాలుగు మంచి ఫోటోలు తీయగలడు కదా. మెక్‌డొవాల్ ఫోటోగ్రఫీని అలాంటి కాలక్షేపంగా చూడాలా, లేక నటనకు సమాంతరంగా నడిచిన రెండో వృత్తిగా చూడాలా? ఆయన ఫోటోల్లోని బలం ఆయన కంటిదా, ఆయన పరిచయాలదా? సినిమా చరిత్రతో పాటు ఫోటోగ్రఫీ సంగతులు కూడా తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.

పాతరీలు

రెండో వృత్తే. ‘లుక్’, ‘లైఫ్’, ‘వోగ్’, ‘హార్పర్స్ బజార్’ వంటి పత్రికలు ఆయన ఫోటోలను ప్రచురించాయి. ఆ కాలంలో ఆ పత్రికల చిత్ర సంపాదకుల బల్లలమీద దేశంలోని ఉత్తమ ఫోటోగ్రాఫర్ల ప్రింట్లు గుట్టలుగా పడి ఉండేవి కాబట్టి, నటుడన్న మొహమాటంతో పుటలు కేటాయించవలసిన అవసరం వారికి లేదు. 1966లో ఆయన పోర్ట్రెయిట్లతో ‘డబుల్ ఎక్స్‌పోజర్’ అనే పెద్ద పుస్తకం వచ్చింది. అందులో ఒక ప్రముఖుడి ఫోటో ఉంటే, దానికి జతగా ఆ వ్యక్తి గురించి మరో ప్రముఖుడు రాసిన చిన్న వ్యాసం ఉంటుంది. అదే పద్ధతిలో మరో మూడు సంపుటాలు 1989, 1992, 1993 సంవత్సరాల్లో వెలువడ్డాయి. మొదటిదానికీ చివరిదానికీ మధ్య ఇరవయ్యేడేళ్లు గడిచాయి. సరదా అయితే అంతకాలం నిలవదు.

అయితే ఆయనకు ఈ అవకాశం ఎలా వచ్చిందో అర్థం కావాలంటే హాలీవుడ్‌లో పోర్ట్రెయిట్ ఫోటో ఎవరి చేతుల్లో ఉండేదో తెలుసుకోవాలి. 1930లలో, 1940లలో ప్రతి పెద్ద స్టూడియోకూ సొంత పోర్ట్రెయిట్ విభాగం ఉండేది. ఎంజీఎం స్టూడియోలో జార్జ్ హరెల్, క్లారెన్స్ సింక్లెయిర్ బుల్ వంటివారు ఎనిమిదంగుళాల వెడల్పు, పదంగుళాల పొడవు గల నెగటివ్ పట్టే భారీ కెమెరాలతో, నెత్తిమీద దీపాలతో, తారను గంటల తరబడి కదలకుండా నిలబెట్టి తీసేవారు. తర్వాత నెగటివ్ మీద సన్నని పెన్సిల్‌తో ముడతలు చెరిపేవారు. ఆ ఫోటో స్టూడియో ఆస్తి, అందులోని ముఖం కూడా దాదాపుగా స్టూడియో ఆస్తే. 1948లో అమెరికా సుప్రీంకోర్టు స్టూడియోలు తమ థియేటర్ల గొలుసులను వదులుకోవలసి వచ్చేలా తీర్పు ఇచ్చాక, దానికి టెలివిజన్ పోటీ కూడా తోడయ్యాక, నటులను ఏళ్ల తరబడి జీతంమీద కట్టిపడేసే పద్ధతి కూలిపోయింది. దానితోపాటే ఆ పోర్ట్రెయిట్ విభాగాలూ వెలవెలబోయాయి. ఆ ఖాళీని సచిత్ర వారపత్రికలు ఆక్రమించుకున్నాయి. వారికి కావలసింది దేవతా విగ్రహం కాదు, తన ఇంట్లో, తన కుర్చీలో కూర్చున్న మనిషి. అలాంటి ఫోటో తీయాలంటే ముందు ఆ ఇంటి తలుపు తెరుచుకోవాలి.

మెక్‌డొవాల్‌కు ఆ తలుపులు చిన్నప్పటినుంచీ తెరిచే ఉన్నాయి. 1928లో లండన్‌లో పుట్టి, పదేళ్లు నిండకముందే బ్రిటిష్ సినిమాల్లో నటించి, 1940లో జర్మన్ బాంబుదాడుల కాలంలో తల్లి, అక్కతో కలిసి అమెరికా చేరి, మరుసటి ఏడాదే జాన్ ఫోర్డ్ దర్శకత్వంలో ‘హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ’లో ప్రధాన బాలపాత్ర వేశాడు. ఆ సినిమా ఉత్తమ చిత్రంగా ఆస్కార్ గెలుచుకుంది. 1943లో ‘లాస్సీ కమ్ హోమ్’లో తనతో నటించిన ఎలిజబెత్ టేలర్‌తో కుదిరిన స్నేహం ఆయన చనిపోయేదాకా, అంటే 1998 దాకా, కొనసాగింది. వయసు పెరిగి బాలనటుడి పాత్రలు తగ్గినప్పుడు ఆయన న్యూయార్క్ వెళ్లి నాటకరంగంలో నిలదొక్కుకుని, 1960లో టోనీ పురస్కారం కూడా అందుకున్నాడు. ఫోటోగ్రాఫర్‌గా ఆయన పేరు పత్రికల్లో గట్టిగా వినిపించినది కూడా ఆ నాటకాల కాలమూ, దాని తర్వాతి సంవత్సరాలే.

స్టూడియో మూర్తి, రాజమహేంద్రవరం

పై సమాధానంలో చరిత్ర బాగా వచ్చింది కాబట్టి నేను పనివాడి వైపునుంచి చెబుతాను. ముప్ఫై ఏళ్లకు పైగా స్టూడియో నడుపుతున్నవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, పోర్ట్రెయిట్లలో అత్యంత కష్టమైనది నటుడి పోర్ట్రెయిట్. పెళ్లి ఆల్బమ్ కోసం వచ్చే కొత్త దంపతులు కెమెరా ముందు బిగుసుకుపోతారు. ఆ బిగువు సడలించే ఉపాయాలు మాకు తెలుసు. నటుడు బిగుసుకుపోడు. కెమెరా ఎత్తగానే అతని ముఖం తనంతట తానే సిద్ధమైపోతుంది, గడ్డం కొంచెం దించుతాడు, తనకు నచ్చిన పక్కకు తిరుగుతాడు, కళ్లలోకి వెలుగు తెచ్చుకుంటాడు. చూడటానికి అద్భుతంగా ఉంటుంది, కానీ ఆ ఫోటోలో ఉండేది ఆ మనిషి కాదు, అతని వృత్తి.

ఈ చిక్కును ఒక్కో పెద్ద ఫోటోగ్రాఫర్ ఒక్కో విధంగా విప్పాడు. ఫిలిప్ హాల్స్‌మన్ తన ఎదుట నిలబడినవారిని గాల్లోకి ఎగరమనేవాడు. ఎగిరేటప్పుడు మనిషి దృష్టంతా కాళ్లమీద ఉంటుంది కాబట్టి ముఖాన్ని అదుపులో పెట్టుకోవడం మరచిపోతాడని ఆయన లెక్క. రిచర్డ్ అవెడన్ ఓపిక పట్టేవాడు. 1957 మే నెలలో న్యూయార్క్ స్టూడియోలో మార్లిన్ మన్రో గంటల తరబడి ఆడిపాడి, అలసిపోయి, నవ్వు జారిపోయి చూపు ఎటో నిలిపిన క్షణంలో ఆయన తీసిన ఫోటో ఇప్పటికీ పోర్ట్రెయిట్ నేర్చుకునేవారికి పాఠమే.

మెక్‌డొవాల్ మార్గం ఈ రెండూ కాదు. ఎదుటివారు వేసుకునే ముఖం ఏమిటో, దాన్ని ఎప్పుడు వేసుకుంటారో, ఎప్పుడు తీస్తారో ఆయనకు తెలుసు, ఎందుకంటే చిన్నతనం నుంచి తానూ అదే పని చేశాడు. స్టూడియో గ్యాలరీల్లో దీపాల కింద కూర్చున్న అనుభవం ఉన్నవాడు, ఆ దీపాలు లేకుండా తీస్తే కూర్చున్నవాడి ప్రాణం ఎంత తేలికపడుతుందో ఊహించగలడు. పైగా కాలం కూడా కలిసివచ్చింది. కోడక్ ట్రై-ఎక్స్ అనే వేగవంతమైన నలుపు తెలుపు ఫిల్మ్ 1954లో ముప్ఫై అయిదు మిల్లీమీటర్ల చిన్న కెమెరాలకు అందుబాటులోకి వచ్చింది. కిటికీలోంచి పడే వెలుతురుతో, ఫ్లాష్ పేలకుండా, సహాయకులు అవసరం లేకుండా ఇంట్లోనే ఫోటో తీయడం దానితో సులువైంది. గింజ, అంటే ఫిల్మ్ మీది సన్నని చుక్కలు, కొంచెం కనిపిస్తుంది, నీడలు నల్లగా పడతాయి, కానీ కెమెరా ఉందన్న సంగతి ఎదుటివారికి పదేపదే గుర్తుచేయదు. అరవైలలో ఇళ్లలో తీసిన పోర్ట్రెయిట్లన్నీ, ఎవరు తీసినా సరే, ఈ ఫిల్మ్‌కు కొంత రుణపడి ఉన్నాయి.

అందువల్ల బలం కంటిదా, పరిచయాలదా అని విడదీసి అడగడం ఈయన విషయంలో కుదరదని నా ఉద్దేశం. పరిచయం వల్ల గదిలోకి వెళ్లవచ్చు, అంతే. గదిలో ఎక్కడ నిలబడాలో, ఎప్పుడు మీట నొక్కాలో, మరీ ముఖ్యంగా ఎప్పుడు నొక్కకూడదో పరిచయం నేర్పదు.

శారద, సికింద్రాబాద్

మూర్తిగారి మాటల్లో చాలావరకు ఒప్పుకుంటాను గానీ, ఒక విషయంలో విభేదిస్తాను. ఆ స్నేహమే ఆయన ఫోటోలకు హద్దు కూడా. మెక్‌డొవాల్ హాలీవుడ్‌లో రహస్యాలు దాచగలిగిన మనిషిగా పేరు పొందాడు. అందరూ ఆయనతో మనసు విప్పి మాట్లాడేవారు, ఆయన ఎవరి గురించీ నోరు జారేవాడు కాదు. అంత చూసినవాడు ఆత్మకథ కూడా రాయలేదు. మనిషిగా అది గొప్ప గుణం. కానీ ఫోటోగ్రాఫర్‌కు అప్పుడప్పుడూ నిర్దాక్షిణ్యం కావాలి. మీరు చెప్పిన మార్లిన్ ఫోటోనే తీసుకోండి. అవెడన్ ఆమెకు ఆప్తుడై ఉంటే ఆ ఫోటోను అచ్చు వేయనిచ్చేవాడా అని నాకు సందేహం. మెక్‌డొవాల్ పుస్తకాల అమరికలోనే ఈ మర్యాద కనిపిస్తుంది. ఫోటో ఒక అభిమాని తీసింది, పక్కనున్న మాటలు మరో అభిమాని రాసినవి. రెండు వైపులా ప్రేమే ఉన్నప్పుడు పాఠకుడికి ఆ వ్యక్తి గురించి కొత్తగా తెలిసేది పరిమితం.

ఇదే కాలంలో మరో నటుడు డెనిస్ హాపర్ కూడా ఫోటోలు తీశాడు. 1961 నుంచి 1967 దాకా, భార్య బ్రూక్ హేవర్డ్ బహుమతిగా ఇచ్చిన నికాన్ కెమెరాతో, ఆండీ వార్హోల్, ఎడ్ రుషే వంటి చిత్రకారులనూ, లాస్ ఏంజెలెస్ వీధులనూ, 1965లో సెల్మా నుంచి మాంట్‌గొమరీ దాకా మార్టిన్ లూథర్ కింగ్ నడిపిన పాదయాత్రనూ చిత్రీకరించాడు. హాపర్‌ది వీధిలో తిరిగే కన్ను, మెక్‌డొవాల్‌ది ఇంట్లో కూర్చున్న కన్ను. నాకు హాపర్ ఫోటోలే ఎక్కువ ఇష్టం. ‘ఈజీ రైడర్’ సినిమా పనిలో పడ్డాక ఆయన కెమెరా పక్కన పెట్టేశాడు, మళ్లీ చాలా ఏళ్లదాకా ముట్టుకోలేదు. ఓపిక విషయంలో మాత్రం మెక్‌డొవాల్‌దే పైచేయి.

జీవితమంతా వేషాల వెనుక దాగిన నటుడు ఇతరుల నిజమైన ముఖాలు వెతికాడని కొందరు కవిత్వం చెబుతుంటారు. అది వినడానికి బాగుంటుంది కానీ కాలక్రమం ఒప్పుకోదు. ‘డబుల్ ఎక్స్‌పోజర్’ వచ్చింది 1966లో, ఆయన చింపాంజీ ముసుగు మొదట తొడిగిన సినిమా విడుదలైంది 1968లో.

పాతరీలు

శారదగారి విమర్శలో బలం ఉంది. అయినా దయను బలహీనతగా లెక్కకట్టేముందు, ఆయన కెమెరా వేషంలో ఉన్న తనను కూడా వదలలేదని గమనించాలి. జాన్ చేంబర్స్ రూపొందించిన చింపాంజీ మేకప్ వేయడానికి గంటల సమయం పట్టేది. తన ముఖం కొంచెం కొంచెంగా రబ్బరు కింద మాయమవడాన్నీ, సెట్టు మీద ఇతర నటులు వేషాల్లోనే విశ్రాంతి తీసుకోవడాన్నీ ఆయన హోమ్ మూవీలుగా తీయించి పెట్టాడు. ఆ చిత్రాల తయారీ గురించి తీసిన డాక్యుమెంటరీల్లో ఆ దృశ్యాలు వాడారు. 1965 వేసవిలో మాలిబు సముద్రతీరంలోని తన ఇంటికి ఆదివారాలు వచ్చిన నటీనటులను ఆయన ఇలాగే సినిమా ఫిల్మ్ మీద తీశాడు. వాటిలో ఎవరూ ఏమీ చేయరు. తింటారు, ఎండలో పడుకుంటారు, పిల్లలను ఆడిస్తారు. స్టూడియో ప్రచార విభాగం ఒక్క అడుగు ఫిల్మ్ కూడా ఖర్చుపెట్టి ఉండని దృశ్యాలవి, సినిమా చరిత్రకారులకు ఇప్పుడు ఎంతో పనికివస్తున్నాయి.

చిత్రలేఖ, గుంటూరు

అందరికీ కృతజ్ఞతలు. నేను ఊహించినదానికంటే విషయం చాలా లోతుగా ఉంది. మరో చిన్న ప్రశ్న అడగవచ్చా? వృత్తి అన్నాక ఆదాయం, హక్కులు ఉంటాయి కదా. స్నేహితుడి ఇంట్లో తీసిన ఫోటో పత్రికలో వస్తే అది ఎవరిది అవుతుంది? మన దేశంలో నటన, ఫోటోగ్రఫీ రెండూ వృత్తిగా చేసినవారు ఎవరైనా ఉన్నారా?

న్యాయవాది సుబ్బారావు, నెల్లూరు

హక్కుల సంగతి నేను చెబుతాను. అమెరికాలో 1976 నాటి కాపీరైట్ చట్టం 1978 జనవరి 1న అమల్లోకి వచ్చేదాకా, డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో మీద హక్కు, వేరే ఒప్పందం లేని పక్షంలో, తీయించుకున్నవారిదేనని న్యాయస్థానాలు సాధారణంగా భావించేవి. కాబట్టి ఒక పత్రికో, గ్రామఫోన్ కంపెనీయో పని అప్పగించి సొమ్ము చెల్లిస్తే, ఫోటోగ్రాఫర్ ముందుగానే కాగితం మీద రాయించుకోకపోతే నష్టపోయేవాడు. ఎవరూ అడగకుండా, తన ఖర్చుతో, తన ఇష్టంతో తీసుకున్న ఫోటో మాత్రం అతనిదే. స్నేహితుల ఇళ్లలో, సెట్ల మీద విరామ సమయాల్లో తనకు తానుగా తీసినవాటికి ఆ విధంగా చట్టరీత్యా కూడా ఎక్కువ విలువ. అలాంటి ఫోటోను ఒక పత్రికకు ఒకసారి ప్రచురించుకునే హక్కు మాత్రమే అమ్మి, తర్వాత మరొకరికి అమ్మవచ్చు, చివరికి పుస్తకంగా వేసుకోవచ్చు. కొత్త చట్టం వచ్చాక స్వతంత్రంగా పనిచేసే ఫోటోగ్రాఫర్ పరిస్థితి బాగా మెరుగుపడింది. రాతపూర్వకంగా వదులుకుంటే తప్ప హక్కు సాధారణంగా అతని వద్దే ఉంటుంది.

మన దేశంలో ఇప్పటికీ పాత ఆలోచనే నడుస్తోంది. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, ప్రతిఫలం తీసుకుని ఒకరి కోరిక మీద తీసిన ఫోటోకు, దానికి విరుద్ధమైన ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవారే మొదటి యజమాని. మూర్తిగారి వంటి స్టూడియో యజమానులు తాము తీసిన పెళ్లి ఫోటోను షాపు ముందు అద్దాల పెట్టెలో పెట్టుకోవాలన్నా ఆ దంపతుల అంగీకారం రాయించుకోవడం మంచిదని నేను చెప్పేది అందుకే. ఇక ఫోటో మీద హక్కు వేరు, అందులోని మనిషి ముఖాన్ని సబ్బు ప్రకటనకు వాడుకునే హక్కు వేరు. రెండోదానికి ఆ మనిషి ప్రత్యేకంగా ఒప్పుకోవాలి. ఎంత ఆప్తుడైన ఫోటోగ్రాఫర్‌కైనా ఇది వర్తిస్తుంది.

స్టూడియో మూర్తి, రాజమహేంద్రవరం

సుబ్బారావుగారు చెప్పింది నిజం; మా షాపులో రసీదు వెనుకే ఆ అంగీకార వాక్యం అచ్చు వేయించాం.

మన దేశం సంగతికి వస్తే, తెలుగువారికి బాగా తెలిసిన పేరే ఒకటుంది. 2013లో వచ్చిన ‘అత్తారింటికి దారేది’లో పవన్ కల్యాణ్‌కు తాతగా నటించిన బొమన్ ఇరానీ సినిమాల్లోకి రాకముందు వృత్తి ఫోటోగ్రాఫరే. ముంబయిలో తాజ్ హోటల్‌లో వెయిటర్‌గా పనిచేసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి కుటుంబానికి చెందిన చిరుతిళ్ల దుకాణంలో కూర్చుంటూనే, పాఠశాలల క్రీడాపోటీల్లో పిల్లల ఫోటోలు తీసి అమ్మేవాడు. అక్కడినుంచి బాక్సింగ్ పోటీల ఫోటోల దాకా ఎదిగాడు. నాటకాలు, ఆ తర్వాత సినిమాలు వచ్చాయి. 2003లో ‘మున్నాభాయ్ ఎంబీబీఎస్’లో డాక్టర్ అస్థానాగా దేశమంతా గుర్తించేనాటికి ఆయన వయసు నలభై దాటింది. మెక్‌డొవాల్‌ది నటననుంచి కెమెరా వైపు నడక, ఈయనది కెమెరానుంచి నటన వైపు నడక. పాఠశాల మైదానంలో పరిగెత్తే పిల్లవాడి ముఖాన్ని ఒక్క క్షణంలో పట్టుకోవడం ఏమీ సులువు కాదు, దానికి తోడు ఆ ఫోటోను సాయంత్రానికి వాళ్ల నాన్నకు అమ్మాలి కూడా.

శారద, సికింద్రాబాద్

లెనార్డ్ నిమోయ్ పేరు కూడా ఇక్కడ చేర్చాలి. ‘స్టార్ ట్రెక్’లో స్పాక్ పాత్రధారి అయిన ఆయన బోస్టన్‌లో కౌమారంలోనే ఇంటి స్నానాల గదిని చీకటిగదిగా మార్చి ప్రింట్లు వేసేవాడు. 1970లలో లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హైనెకెన్ వద్ద ఫోటోగ్రఫీ చదివి, నటన మానేసి దీనికే అంకితమవుదామా అని గట్టిగా ఆలోచించాడు. ఆయన ప్రింట్లను మసాచుసెట్స్‌లో నార్తాంప్టన్‌లోని ఒక గ్యాలరీ అమ్మకానికి పెట్టేది. అయితే ఆయన పత్రికలకు ప్రముఖుల పోర్ట్రెయిట్లు తీసే దారి పట్టలేదు, ఒక్కో భావాన్ని తీసుకుని దానిచుట్టూ ఫోటోల వరుసలు అల్లాడు. 2007లో పుస్తకంగా వచ్చిన ‘ది ఫుల్ బాడీ ప్రాజెక్ట్’లో లావుపాటి స్త్రీలను సంకోచం లేకుండా, గౌరవంగా చూపించాడు. స్నేహితుల అందమైన ముఖాలకంటే అలాంటి పని నాకు ధైర్యంగా అనిపిస్తుంది.

పాతరీలు

చివరగా ఒక సవరణ, ఎందుకంటే ఈ విషయం వెతికేవారు ఇక్కడే దారి తప్పుతుంటారు. లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో బెవర్లీ హిల్స్‌లో ఆస్కార్ అకాడమీవారి మార్గరెట్ హెరిక్ గ్రంథాలయం ఉంది. అక్కడి ఫోటో విభాగానికి రాడీ మెక్‌డొవాల్ పేరు పెట్టారు. కోటికి పైగా ఛాయాచిత్రాలున్న ఆ భాండారమంతా ఆయన తీసినదని కొందరు పొరబడతారు. అవి సినిమా చరిత్ర అంతటికీ చెందిన స్టిల్స్, పోర్ట్రెయిట్లు, ప్రచార చిత్రాలు. ఆయన పేరు పెట్టింది పాత సినిమాలనూ పాత ఫోటోలనూ కాపాడడానికి ఆయన చేసిన సేవకు గుర్తింపుగా. ఆయన వ్యక్తిగత కాగితాలు బోస్టన్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయి. ఆయన పోర్ట్రెయిట్లు చూడాలనుకునేవారు నాలుగు సంపుటాల్లో మొదటిదాన్ని, 1966 నాటిదాన్ని, పాత పుస్తకాల అంగళ్లలో వెతకడం మంచిది. నలుపు తెలుపు అచ్చు అందులోనే బాగుంటుందని నా అభిప్రాయం.